సూది పని

కుతైసీ విమానాశ్రయంలో
అద్దెకార్ల బల్లకీ కాఫీ యంత్రానికీ నడుమ
మూడడుగుల కొట్టు నాది.
పన్నెండేళ్లుగా నేనమ్మింది
వేలిగోరంత ప్లాస్టిక్ ముక్క.

మెడలో, శిలువ పక్కనే
నల్లదారానికి ఒక సూది.
ఏ ఫోనుకి ఏ పక్కటెముకలో గుచ్చాలో
కళ్లు మూసుకుని చెప్పేదాన్ని.
చిన్న అర బయటికొచ్చేది,
పాత ఊరు తీసి కొత్త ఊరు పెట్టేదాన్ని.
"పాతది జాగ్రత్త, పారేసుకోకండి" అని
ఏడు భాషల్లో నేర్చుకున్నాను.
ఏడు భాషల వాళ్లూ పారేసుకున్నారు.

ఊడ్చేటప్పుడు దొరికినవి జామ్ సీసాలో వేసేదాన్ని.
వార్సా ఉంది అందులో, మిలాన్ ఉంది, హైఫా ఉంది.
వాటికోసం ఎవరూ తిరిగి రాలేదు.
ఒక్కడొచ్చాడు రెండేళ్లకి,
గొడుగు మర్చిపోయాడట.

ఇప్పుడు వాళ్లింట్లో సాక్సులు మడతపెట్టుకుంటూనే
మా గాలి ఐదు గిగాబైట్లు కొనేసుకుంటున్నారు.
చక్రం నేలని తాకీ తాకగానే
జేబుల్లో టింగుటింగుమంటాయి.
నా ముందునుంచే పోతారు, తలెత్తరు,
అరచేతిలో నీలిచుక్క నడుస్తుంది
దాని వెనక వాళ్లు.

ఈసిమ్ అంటారు దాన్ని.
"పేరుంది, ఒళ్లు లేదు, దెయ్యమా?" అన్నాడు మా జుంబేర్.
"అప్పుకి మాత్రం ఒళ్లుందా?" అన్నాను.
ఆ రాత్రి ఇద్దరం
కొట్టు అద్దె గురించి మాట్లాడుకోలేదు.

మొన్న మంగళవారం, మూడు దాటాక,
రీగా విమానం జనమంతా కరిగిపోయాక
ఒకామె మిగిలింది.
జింట్రా అట. తడవని వానకోటు. ఎర్రబడ్డ ముక్కు.
జ్వరమొచ్చిన బిడ్డని పట్టుకున్నట్టు ఫోను.
డబ్బు కట్టేసిందట,
ఆ గళ్లగళ్ల గుర్తు మెయిల్లో ఉందట.
మెయిల్ తెరవాలంటే నెట్ కావాలి,
నెట్ రావాలంటే మెయిల్ తెరవాలి.
తెరుచుకున్నా, గుర్తుని చూడాల్సింది
ఆ ఫోను కన్నే.
ఎవరి వీపు వాళ్లకెలా కనపడుతుంది?
ఎయిర్‌పోర్టు వైఫై ఆ రాత్రి అలిగింది.

ఒక సిమ్ము తీసి బల్లమీద పెట్టాను.
ఆమె ఫోను తిప్పి చూపించింది.
కొత్తది. ఏ పక్కా చిల్లు లేదు,
మా రియోనీ నదిలో గులకరాయిలా నునుపు.
నా సూది ఊరికే ఊగింది.

చెప్పొద్దూ, కాస్త సంతోషమేసింది.
బాగా అయింది, అనుకున్నాను.
ఎంతసేపు?
కాఫీ యంత్రం ఒక కప్పు నింపేంతసేపు.

నా నెట్ పంచాను.
పాస్‌వర్డ్ నా పేరే, మ్జెవినార్.
పలకబోయి మూడుసార్లు జారింది,
నాలుగోసారి
మా మేనత్త పిలిచినట్టే పిలిచింది, విసుగుతో సహా.
మెయిల్ నాకు పంపింది.
నా తెరమీద గళ్లు, వాటిమీదికి వంగిన ఆమె ఫోను,
మా ఇద్దరి ఊపిరీ అద్దాలమీద.

ఒక గీత. ఆగింది. రెండు గీతలు.
ఒక్కసారిగా ఇరవై మూడు సందేశాలు,
అన్నీ డ్రైవరు రెవాజ్‌వే:
ఎక్కడున్నారు, ఎక్కడున్నారు, ఎక్కడున్నారు.
అతనున్నది తలుపవతల
పదిహేనడుగుల్లో,
ఆమె పేరు రాసిన అట్ట మొహంమీద కప్పుకుని
నిద్రలో.

డబ్బివ్వబోయింది. వద్దన్నాను.
"ఎన్నాళ్లుంటుందిది?"
"వారం. తర్వాత దానంతటదే పోతుంది" అంది.
మరి సీసాలో ఏం వేసుకోవాలి నేను?
అడగలేదు. తెల్లారబోతోంది,
ఆమెకి కొండదారి ఉంది.

సీసా ఇంకా బల్ల కిందే ఉంది.
సూది కూడా మెడలోనే.
నిన్న, సామాన్లు మోసే కుర్రాడి బొటనవేల్లో
చెక్కపేడు దిగితే
దాంతోనే తీశాను.
కదలకురా అంటే
వాడు వినడే.