గాలి మీద వేసిన నేరం

హాచల్ ఊళ్ళో
కొండల మీంచి దిగే ఎండుగాలిని సోండా అంటారు.
అది వచ్చే ముందు కుక్కలు బల్లల కిందికి దూరతాయి,
బడికి సెలవిస్తారు,
మా అమ్మ ఎర్మెలిందా కిటికీ రెక్కలు మూసి
ఎడమ కణతను అరచేత్తో మూస్తుంది,
అక్కడా ఒక కిటికీ ఉన్నట్టు.

ఆ ఇంట్లో పెరిగినదాన్ని నేను.
గిన్నె మీద మూత పెట్టాలంటే
అంచుకు ముందు తడిగుడ్డ చుట్టేదాన్ని.
నవ్వొస్తే వీధి చివరికి పరిగెత్తి
అక్కడ నవ్వి వచ్చేదాన్ని.
అమ్మమ్మ బంగాళదుంపను చక్రాలుగా కోసి
కూతురి నుదుటి మీద అంటించేది.
అవి వేడెక్కి నల్లబడి రాలిపోయేవి.
"చూశావా, నొప్పిని లాగేశాయి" అనేది.
అమ్మ ఏమీ అనేది కాదు.
బకెట్టును దగ్గరికి జరుపుకునేది.

ఆలివ్ షెడ్డులో అమ్మ పని
బెల్టు మీద దొర్లుకొచ్చే కాయల్లో పుచ్చుల్ని ఏరడం.
పైన ట్యూబ్‌లైటు రెప్పలు కొట్టుకుంటూ ఉంటుంది.
ఒకరోజు ఒక కాయ నడుమ వెలుగు చుక్క మొలిచింది,
పక్క కాయకు పాకింది,
రంపపు పళ్ళలాంటి అంచులు మెరిపిస్తూ పెద్దదై
బెల్టును మింగింది,
మేస్త్రీ దోన్ ఒవీదియో ముఖంలో సగం మింగింది.
మిగిలిన సగం అడిగింది:
"తలనొప్పే కదా?"

తలనొప్పే.
చివరనున్న ఆ ఒక్క 'ఏ' ఎంత బరువో
మోసిన తలకే తెలుసు.

పక్క వరుస గ్రిసెల్దా సంచీలోంచి ఒక మాత్ర.
మధ్యాహ్నం ఇంకొకటి.
రేపు రాకూడదని ఇవాళే ఒకటి.

ఆరోగ్య కేంద్రానికి కొత్తగా వచ్చిన
డాక్టరమ్మ బైగోర్రియా
ముందు గదిలో లైటు ఆర్పింది.
తర్వాత గొంతు తగ్గించింది.
అమ్మకు అందిన మొదటి మందు అదే.
"నెలలో ఎన్ని రోజులు మాత్రలు మింగుతారు?"
అమ్మ వేళ్ళు లెక్కపెట్టింది, రెండు చేతులూ అయిపోయాయి.
నా చేతులు తీసుకుంది.
అవీ చాలలేదు.

"పార్శ్వపు నొప్పి అమ్మా ఇది.
మీరు కల్పించుకున్నది కాదు, మీ పిరికితనమూ కాదు.
మీ మెదడు తొందరగా ఉలిక్కిపడే రకం, అంతే.
కానీ రోజూ మింగే ఈ మాత్రలున్నాయే,
అవే ఇప్పుడు నొప్పిని పెంచి పోషిస్తున్నాయి.
అప్పు తీర్చడానికి చేసే అప్పులాగా."

మాత్రలు ఆపిన మొదటి పది రోజుల గురించి
నేనేమీ రాయను.
గోడకు ఆనించిన అమ్మ వీపు మాత్రం గుర్తుంది.

తర్వాత ఒక నోటుపుస్తకం.
ఏ రోజు, ఎన్ని గంటలు,
ఏం తిన్నది, ఎప్పుడు పడుకున్నది,
గాలి వీచిందా లేదా.
పుచ్చుల్ని ఏరే కన్ను కదా,
మూడు నెలలయ్యాక ఒక రాత్రి
వంటింటి బల్ల దగ్గర కూర్చుని తన రోజుల్ని ఏరింది.
పదకొండు నొప్పుల్లో
సోండా వీచినవి మూడే.
ఉత్త కషాయం తాగి షిఫ్టుకు పరిగెత్తినవి నాలుగు.
నెలసరికి ముందువి రెండు.
ఆదివారం పది దాకా నిద్రపోయినది ఒకటి.
ఇంకొకటి, నేను ఇంటికి రాని రాత్రి తెల్లవారినప్పటిది.
దాని పక్కన ఏమీ రాయలేదు. చిన్న గీత గీసి వదిలేసింది.

"పాపం గాలి" అంది అమ్మ.
ఇరవై ఏళ్ళ తిట్లు గుర్తొచ్చి
కాస్త సిగ్గుపడింది కూడా.

ఇప్పుడు రోజూ రాత్రి ఒక మాత్ర,
నొప్పి రాకుండా కాపలాకు.
పర్సులో వేరే రకం ఒకటి,
కణత మొదటిసారి కొట్టుకోగానే
ఓర్చుకుందాంలే అనుకోకుండా వేసుకోవడానికి.
పొద్దున్నే రొట్టె. ఆదివారమైనా అదే గంటకు లేవడం.
పోలేదు. నెలకు రెండుసార్లు వస్తుంది,
చెప్పి వస్తుంది, తొందరగా వెళ్తుంది.
షెడ్డులో ట్యూబ్‌లైటు ఇంకా మార్చలేదు.

నిన్న సోండా వీచింది.
కుక్కలు దూరాయి, బడి మూశారు.
అమ్మ కిటికీ మూసి కుర్చీలో కూర్చుంది,
చుట్టం కోసం చూస్తున్నట్టు.
నా చేతిలోంచి మూత జారి నేల మీద గింగిరాలు తిరిగింది.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

రాత్రి నోటుపుస్తకం తెరిచి చూశాను:
"గాలి వచ్చింది.
అది రాలేదు.
మూతకు సొట్ట పడింది."