ఏడో అంతస్తులో కుండీ

నీ పట్టా మీద ముద్ర బాగుంది లమారా,
వేలితో తడిమితే ఉబ్బెత్తుగా తగులుతుంది.
ఒక రాత్రి వంటగది బల్ల మీద దాన్ని పక్కకి జరిపి
బాండ్లూ, వడ్డీ రేట్ల వంపులూ గీసి చూపించావు.
నాకు అర్థమైంది ఒక్కటే:
రేపొచ్చే రూకకి ఇవాళ విలువ తక్కువని.
మిందేలో రేవులో చేపలమ్మిన మా అమ్మకి
అది బడి మొహం చూడకుండానే వచ్చు.

నలభై ఒక్క దరఖాస్తులు.
"ఫ్రెంచి ఇంకాస్త రావాలి" అన్నారొకరు,
"అనుభవం" అన్నారింకొకరు,
మిగతావాళ్లు ఆ మాత్రమూ అనలేదు.
నీ అనుమతి కాగితం అక్టోబరు దాకే.

లక్సెంబర్గ్‌లో ట్రాముకి టికెట్టు లేదు,
ఎవరైనా ఎక్కొచ్చు.
దిగాకే తలుపులు మొదలవుతాయి.
కిర్ష్‌బర్గ్ కొండ మీద ఆ అద్దాల బ్యాంకు
కింది గుమ్మమైనా నువ్వు దాటలేదు.
అన్ని అంతస్తుల కార్డూ నా మెడలో ఉంది.
రాత్రి తొమ్మిదికి వెళ్తాను,
బుట్టలు వంపుతాను,
కాఫీ కప్పుల వలయాలు తుడుస్తాను.

ఏడో అంతస్తులో కిటికీ పక్క బల్ల
రెండు వారాలుగా ఖాళీ.
ఎవరో వదిలేసిన కుండీలో మొక్క తల వాల్చేసింది.

ఇవాళ దానికి నీళ్లు పోశాను.
ఉద్యోగాలిచ్చే చెయ్యి కాదు నాది, తెలుసు.
అయినా కుర్చీని తిరగేసి
చక్రాలకి చుట్టుకున్న వెంట్రుకలు తీశాను,
ఎత్తు కాస్త తగ్గించాను.
నువ్వు పొట్టిదానివి కదా.