నిండని గుంత

శనివారం సాయంత్రం, హుణసెకెరె గట్టున
పిల్లల పార్కు షెడ్డులో ఇరవై ఆరు ప్లాస్టిక్ కుర్చీలు.
మినిట్స్ రాయడం నా వంతు.
చేతిరాత బాగుంటుందని కాదు,
వాదించనని.

ఎజెండా ఒక్కటే:
ఇళ్ళలోని సెప్టిక్ గుంతలు పూడ్చేసి
బోర్డువాళ్ళ డ్రైనేజీ లైనులో కలవాలా, వద్దా.

నీటి మీంచి గాలి తిరిగినప్పుడల్లా
మాట్లాడేవాళ్ళు ఒక్క క్షణం ఆగుతున్నారు.
ఎవరూ ముక్కు మూసుకోరు.
పక్కింటివాళ్ళ ముందు అది మర్యాద కాదు.

కమలాక్షి లెక్క చదివింది:
ఇంటికి డెబ్బై రెండు వేలు,
రోడ్డు తవ్వి పూడ్చినందుకు వేరే.
మూడో క్రాసులో ఇడ్లీలు అమ్మే సెల్వనాయకి
ఆ అంకె విని కొంగుముడి తడుముకుంది.
"నాకున్నది ఒక్క బాత్రూము. వాళ్ళకు నాలుగు.
అందరికీ ఒకే రేటా?"
రాసుకున్నాను.
జవాబు కోసం వదిలిన గీత ఇంకా ఖాళీగానే ఉంది.

ఇంతియాజ్ లేచాడు.
"గొట్టం మన గేటు దగ్గర మొదలవుతుంది, సరే.
తేలేదెక్కడ? కిందనున్న ఇంకో చెరువులోనేగా?
మన మురికికి అడ్రసు మార్చడానికా ఇంత ఖర్చు?"
శుద్ధి కేంద్రం కడుతున్నారని ఎవరో అన్నారు.
కడుతున్నారు అన్న మాట
ఈ ఊళ్ళో ఎన్నేళ్ళు నిలుస్తుందో ఎరిగినవాళ్ళం,
కాస్త నవ్వుకున్నాం.

అప్పుడు దొరస్వామి గారు, ఇస్త్రీ చొక్కా, నిటారుగా.
"పద్దెనిమిదేళ్ళు! ఒక్కసారి,
ఒక్కసారంటే ఒక్కసారి నా గుంత ఎత్తించలేదు.
దగ్గరుండి కట్టించుకున్నాను, రింగు రింగుకీ నిలబడి.
పొంగేవాళ్ళు పోయి కలుసుకోండి. నాకెందుకు?"
చప్పట్లు.
పెన్ను ఒళ్ళో పెట్టుకుని నేనూ కొట్టాను.

వెనక, స్తంభానికి ఆనుకుని అంజినప్ప.
ట్యాంకరు అంజినప్ప.
కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.
మా ఇళ్ళు అతనికి గేటు మీది పేర్లతో కాదు,
ఎన్ని అడుగుల పైపు వేస్తే అందుతుందో
ఆ లెక్కతో గుర్తు.

"ఒక మాట అడగొచ్చునా సార్,
నలుగురుండే ఇల్లు. పద్దెనిమిదేండ్లు.
నిండలేదంటే
అదంతా యాడికి పాయె?"

చెరువు వైపు చూడకూడదని
అందరికీ ఒకేసారి తోచి ఉంటుంది.
అందరం చూశాం.
గుర్రపుడెక్క, దాని నడుమ తెల్లటి నురగ,
నురగను చీల్చుకుంటూ
ఒక నీటికోడి, తన పనిమీద తాను.

"నిండేదే మంచి గుంత సార్.
పిలిస్తే వస్తాము, తోడుకొని పోతాము.
నిండనిదే..."
ఆ మాట అక్కడే వదిలేసి
చేతిగుడ్డ భుజాన వేసుకున్నాడు.
"గొట్టాలొస్తే నా బండికి పని లేదు.
అయినా అడగల్ల అనిపించింది."

దొరస్వామి గారు కూర్చున్నారు.
కుర్చీ కాలొకటి మెల్లగా మట్టిలో దిగింది.

చేతులెత్తమన్నారు.
కలుద్దామని పదకొండు, వద్దని తొమ్మిది,
మిగిలినవాళ్ళ చేతుల్లో ఫోన్లు.
వచ్చే నెలకు వాయిదా.

'శ్రీ అంజినప్ప ఒక సందేహం వెలిబుచ్చారు'
అని రాశాను.
కొట్టేశాను.
అతనికి సందేహమేమీ లేదు.
మళ్ళీ రాశాను, ఎలా అన్నాడో అలాగే:
అదంతా యాడికి పాయె.

రాత్రి ఇంట్లో బిల్లుల ఫైలు ముందేసుకున్నాను.
కరెంటు, క్యాన్ నీళ్ళు, గ్యాసు, ఇంటి పన్ను.
ఏడేళ్ళ కాగితాల్లో
అంజినప్ప రసీదు ఒక్కటీ లేదు.
ఇల్లు అమ్మినాయన చెప్పాడు,
గుంత చాలా మంచిదమ్మా, అసలు నిండదు.
ఆ మాటకు యాభై వేలు ఎక్కువే ఇచ్చాం.

లోపల ఎవరో ఫ్లష్ నొక్కారు.
నీళ్ళు దిగుతున్న చప్పుడు,
గోడలో, నేల కింద, ఆ తర్వాత వినపడని చోట.
ఈ ఇంటికి వాలు ఎటో
ఇన్నాళ్ళూ వాన పడ్డప్పుడే గమనించాను.