దారం కట్టిన కాయ

సాయంత్రం నాలుగు దాటితే
రేపు విచ్చుకోబోయే మొగ్గ తెలిసిపోతుంది.
తెల్లగా ఉబ్బి ఉంటుంది, ఇంకా నోరు విప్పదు.
పట్టకారుతో రేకులు తప్పించి
ఒక్కొక్క పుప్పొడి తిత్తినీ గిల్లేస్తాను,
పగలకుండా, దుమ్ము రాలకుండా.
ఊపిరి బిగబట్టడం
ఎమ్మెస్సీ సిలబస్‌లో ఎక్కడా రాసిలేదు.

తల్లి చపాటా: బొద్దుగా, కారం తక్కువ,
రంగంతా ఒంట్లోనే దాచుకున్నది.
తండ్రి తేజ: బక్కపలచన, నాలుక కాలుస్తాడు.
తెల్లారి ఒక కుంచె, ఒక కాగితం సంచి, ఎర్ర దారం.
దీన్ని పెండ్లి అంటారు మా ల్యాబులో.
నేననను.
పెండ్లిలో ఎవరు అడిగారు మొగ్గను,
సిద్ధమేనా అని?

హన్మకొండలో తొలి బస్సు.
ఒళ్ళో థర్మాకోల్ డబ్బా.
కండక్టర్ రోజూ అదే మాట:
"ఐస్‌క్రీమా చెల్లె?"
"పుప్పొడి అన్నా."
టికెట్ కొట్టడం ఆపి ఒకసారి చూస్తాడు,
ముందుకు పోతాడు.
నెక్కొండ దాకా కిటికీ బయట పత్తి, పత్తి, మళ్ళీ పత్తి.

నూట అరవై పూలకు దారం కట్టాను.
నల్ల తామరపురుగు తిన్నవి తిన్నది,
రాలినవి రాలాయి,
ట్యాగుల మీద నా అంకెలు కార్తీకం వానకు కారిపోయాయి.
మిగిలినవి పదిహేడు కాయలు.
రెండేండ్ల చదువు, పదిహేడు కాయలు.

సెమినార్‌కని మూడు రోజులు హైదరాబాద్ పోయి వచ్చేసరికి
చేను పచ్చగా, ఒట్టిగా ఉంది.
"ఎర్రబడ్డ కాయ ఏరద్దా మేడం?
కైకిలిచ్చింది అందుకే గద" అన్నాడు వీరన్న.
ఆయన తప్పు లేదు. ఎవరి తప్పూ లేదు.
అదే ఇంకా కష్టం.
కల్లం మీద ఎకరం ఎరుపు ఎండుతోంది.
చెప్పులు విడిచి నడుమ కూచుని
ఒక్కొక్క కాయా తిప్పుతున్నాను,
చేతులు మండుతున్నాయి, ఆ చేతులతోనే కండ్లు తుడుచుకున్నాను.
తుడుచుకోకూడదని ఎవరికైనా తెలుసు.

మార్తమ్మ వచ్చి నీళ్ళు పోసింది కండ్లల్లో.
కొంగు ముడి విప్పింది.
"దారం గట్టిన కాయను ఊకెనే గట్టరు గద బిడ్డా,
గందుకే గంపల ఎయ్యలే."

పదునాలుగు. దారాలతో సహా.
మూడు అప్పటికే కుళ్ళినాయట, పారేసింది.
ఒక్కొక్కటి అరచేతిలో పెట్టి చెప్పుకుపోయింది:
"ఇది మోటరు పక్క చెట్టుది.
ఇది చీమలపుట్ట కాడిది.
ఇది నువ్వు సీసా మరిచిపోయిన సాలుది."

నా పటం తెరిచాను.
రెండో మడి, పదకొండో మొక్క.
నా పటంలో చీమలపుట్ట లేదు.
చేలోకి వెళ్ళి చూస్తే ఉంది.

పదకొండు సరిపోయాయి.
చివరి మూడూ చేతిలో చాలాసేపు తిప్పింది.
"యాదికి లేదు బిడ్డా. అబద్ధం జెప్ప."

హైమవతి మేడం అంతా విని
కిటికీ వైపు చూశారు, ఫ్యాను వైపు చూశారు.
"ఆధారం?"
చెప్పిన మనిషే ఆధారం అన్నాను.
"పదకొండే రాయి. చెప్పినావిడ పేరు కింద రాయి."
రాశాను: మార్తమ్మ, మిరప ఏరే కూలీ, మౌఖికంగా.
ఎర్ర పెన్నుతో మార్జిన్లో ఒకే ప్రశ్న తిరిగొచ్చింది:
ఇంటిపేరు?

రెండేండ్లలో ఆమె నా సీసా ఏ సాలులో మరిచానో
గుర్తుపెట్టుకున్నది.
నేను ఇంటిపేరు అడగలేదు.

రేపు మళ్ళీ తొలి బస్సు.
ఈసారి డబ్బా లేదు, కండక్టర్‌కు ఏం చెప్పాలో తెలియదు.
ఆ మూడు కాయల గింజలు
హాస్టల్ వెనక పెరుగు బకెట్లో నాటాను,
అంకె వేయకుండా.
నిన్న ఒకటి మెడ వంచుకుని మట్టి పైకి తీసింది.
ఎవరి బిడ్డో.