కోట్ల బీరువా

మా లా కాలేజీలో సమాన అవకాశాల విభాగం అంటే
మెట్ల కింద గది.
ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి రాజ్యాంగ పీఠిక,
పీఠిక కింద ఇనప బీరువా.
బీరువాలో ఇరవై మూడు నల్లకోట్లు.
తాళం నా దగ్గర.

శేషుకుమారి మేడమ్ పట్టుబట్టి కుట్టించింది వీటిని,
కొత్తపేటలో,
ఒక్కటే కొలత వద్దు మాస్టారూ,
పొట్టివాళ్ళకీ బక్కవాళ్ళకీ కూడా న్యాయం చెయ్యండి అని
టైలర్ నవ్వేదాకా చెప్పి.
మూట్ కోర్టు రోజున కోటు లేనివాళ్ళు
రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకోవచ్చు.
అంతే పథకం. ఫ్లెక్సీ మీద దాని పేరు మాత్రం మూడు వరసలు.

మొదటి ఏడు ఒక్కరూ రాలేదు.
అందరికీ ఉన్నాయేమోలే అనుకున్నా.
గది ఎదురుగా క్యాంటీన్.
టీ తాగేవాళ్ళ కళ్ళు కోటు మీద ఉండవు,
రిజిస్టర్ మీద ఉంటాయి.
పేరు, ఇంటిపేరు, ఊరు, కేటగిరీ.
నాలుగో గడి దగ్గర పెన్ను ఆగడం నేను చూశాను.
రమావత్ బాలూ అయితే మూత పెట్టేసి
"ఎండగా ఉంది మౌలాలీ గారూ, కోటెందుకులే" అన్నాడు.
అది డిసెంబరు.

ఆ రాత్రి స్కేలు పెట్టి
నాలుగో గడి మీద తెల్లకాగితం అంటించాను.
మర్నాడు రెండోదాని మీద, మూడోదాని మీద.
ఆడిట్ వాళ్ళడిగితే జిగురు ఒలికిందని చెప్పొచ్చు.
గది కూడా ఐదున్నరకి తెరుస్తున్నా,
క్యాంటీన్ వాడు గిన్నెలు తోముకునే వేళకి.

పదిహేడో నంబరు కోటు కెజియా తీసుకెళ్ళింది.
మిర్చి యార్డు పక్క సందులో ఇల్లు.
వాళ్ళమ్మ గోతాల నీడన కూర్చుని తొడిమలు తీస్తుంది,
కిలోకింత అని.
రెండు రోజులు ఆ ఇంట్లో మేకుకి వేలాడింది కోటు.

మూట్‌లో పేర్లు చెప్పకూడదు,
జట్టు నంబరే చెప్పాలి. అది నియమం.
కెజియా లేచింది. పద్నాలుగో అధికరణం దగ్గరికొచ్చేసరికి
జడ్జి కుర్చీలో ఉన్న పెద్ద వకీలు తుమ్మాడు.
మళ్ళీ తుమ్మాడు.
పక్కాయన పొలమారి నీళ్ళడిగాడు.
గ్లాసు పట్టుకెళ్ళింది నేనే. దగ్గరికెళ్తే తెలిసింది:
తేజా రకం, ఈ ఏటి పంట.
నాకూ కళ్ళు కారాయి. మిర్చి వల్లే అని రాసుకోండి.

"కొనసాగించవచ్చా, మిలార్డ్?" అంది ఆ పిల్ల,
అలవాటైన ముక్కుతో.

తర్వాత టీ దగ్గర ఆ పెద్దాయన
"బాగా వాదించావమ్మా, ఏ ఊరు మీది?"
"గుంటూరేనండి."
"గుంటూర్లో ఎక్కడ?"
"యార్డు దగ్గరండి."
"అది కాదు, అసలు ఊరు. ఊళ్ళో ఎటువైపు?"

నా చేతిలో బిస్కెట్ల ట్రే.
కెజియా కోటు గుండీ ఒకటి విప్పింది, మళ్ళీ పెట్టుకుంది.
"ఆ ప్రశ్న ఈ కేసుకి సంబంధించింది కాదు, మిలార్డ్."
నవ్వుతూనే అంది.
ఆయనా నవ్వబోయాడు,
సగం నవ్వులో ఇంకో తుమ్ము.

ప్రైజు రాలేదు. రెండోది కూడా.
మేడమ్ నివేదికలోకి ఫొటో తీసి
కింద "లబ్ధిదారులు" అని రాసింది.
కెజియా ఆ మాట కొట్టేయమంది.
మేడమ్ ఆమెని కాసేపు చూసి కొట్టేసింది.
బదులు ఏం రాయాలో ఇద్దరికీ తోచలేదు,
అక్కడ ఇప్పటికీ ఖాళీయే.

కోటు తిరిగి ఇస్తూ "ఉతికించనా అంకుల్?" అంది.
వద్దన్నాను.
మధ్య కొక్కేనికి తగిలించాను,
పదహారుకీ పద్దెనిమిదికీ ఆనేట్టు.

నిన్న బాలూ వచ్చాడు,
ఐదు కూడా కాకుండానే, క్యాంటీన్ నిండా జనం ఉండగా.
నేనే తడుముకున్నా తాళం కోసం.
సంతకం పెడుతూ తుమ్మాడు.
చివరి గీత పక్క గడిలోకి పోయింది.
ఉండనిచ్చాను.