పెంకు

కాశీబుగ్గ రైలుగేటు అవతల
రేకుల ప్రార్థనమందిరంలో
నల్లబోర్డు మీద నిలువుగీత గీశాను.
ఇటు కథ. అటు అర్థం.
విత్తనం అంటే వాక్యం, నేల అంటే హృదయం,
పిట్టలంటే ఎవరో కూడా రాశాను.
ఉపమేయం, ఉపమానం అప్పజెప్పిన బడిపిల్లాడిలా
గీత తిన్నగా వచ్చిందని మురిసిపోయాను.

ముందువరసలో తబితమ్మ.
ముప్పయ్యేళ్లుగా జీడిపిక్కలు కొడుతోంది.
జీడి కాల్చేసిన బొటనవేలికి ముద్ర లేదు,
రేషను మిషను ఆమెని గుర్తుపట్టదు.

"కథ పెంకమ్మా, అర్థం పప్పు.
పప్పు తీసుకుని పెంకు పారెయ్యాలి" అన్నాను,
వాళ్ల పని నాకూ తెలుసునన్న ధీమాతో.

ఆమె నవ్వలేదు.
"పెంకెవుడు పారేత్తాడు బాబూ?
బాయిలరు మండేది దాంతోనే గదా.
ఆ మంటకి ఆవిరి తగిల్తేనే
పిక్క నోరిప్పుద్ది."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.
ఇక ఆడవాళ్లు ఆగలేదు.

పోయిన వెండినాణెం కోసం ఇల్లంతా ఊడ్చి
దొరికాక వీధివీధినీ పిలిచిందట కదా ఒకామె,
"టీలకే సరిపోయుంటాది ఆ నాణెం" అంది సూసన్నమ్మ.
"సరిపోద్ది. ఆయనకి లెక్కలు రావు.
వొచ్చుంటే మా మేస్త్రీ అయ్యుండును" అంది తబితమ్మ.

ఒంటె బొమ్మ గీయబోయాను.
రూతు బొడ్లోంచి గోనెలు కుట్టే దబ్బనం తీసి
ట్యూబులైటుకి అడ్డం పెట్టి ఒంటికన్నుతో చూసింది.
చాలాసేపు చూసింది.
"మా ఓనరు పట్టడు" అంది.

"మరా ఇత్తనాలోడేటి?
దారి మీద, రాతి మీద, ముళ్లలోనా
ఏ ఉద్దానం రైతు జల్లుతాడు,
గింజ ఏ రేటుందని?"

నా దగ్గర జవాబుంది,
కాలేజీ నోట్సులో నాలుగు పాయింట్లు.
ఈలోపు తబితమ్మే అంది:
"అతగాడు తుఫానుగావాల."

ఎవరూ మాట్లాడలేదు కాసేపు.
తిత్లీ రాత్రి గోడౌను రేకులు లేచిపోయి
గోనెలు పగిలి
పిక్కలు రోడ్డు మీద, పట్టాల మీద, బురదలో.
ఆమె అరెకరంలో తొమ్మిది చెట్లూ
ఆ రాత్రే పడుకున్నాయి, మళ్లీ లేవలేదు.

"మెట్ల పగుల్లో ఒకటి మొలిసింది, సూసేవా?"

చూడలేదు.
ప్రతి ఆదివారం దాన్ని దాటుకునే
లోపలికొచ్చి బోర్డు తుడిచాను.

రేపు షిఫ్టు ఆరింటికట, లేచి వెళ్లిపోయారు.
మెట్ల మీద కూర్చున్నాను చెప్పులు వేసుకోకుండా.
నడుమెత్తు చెట్టు, ఈ ఏడే మొదటి కాపు.
ఎర్రటి పండు ఒక్కటి.
దాని కింద, దానికి బయట,
బూడిదరంగు పిక్క వేలాడుతోంది.

అర్థం లోపలే ఉంటుందని
నాకెవరు చెప్పారో
ఎంతకీ గుర్తు రావడం లేదు.