చలికి పెరిగేది

జూలై అంటే మాకు చలికాలం.
ఉరుగ్వే నది మీద పుట్టిన గాలి
టికెట్ల గది దాటి, ఖాళీ ఏనుగు కొట్టం దాటి
తిన్నగా ఉడుత కోతుల ఇంటికే వస్తుంది,
ఊళ్లో ఇంకెవరూ తెలియనట్టు.

మంగళవారం పొద్దున పూల్గా కిందికి దిగలేదు.
పూల్గా అంటే మా భాషలో గోమారి.
రిజిస్టర్లో మాత్రం పద్నాలుగు.
గుమ్మడి ముక్క చూపించాను, మిడతను చూపించాను.
తోకను శాలువాలా మెడకు చుట్టుకుని
నా వెనకున్న గోడకేసి చూసింది.

బుధవారం రెండు.
గురువారం లెక్కపెట్టడం మానేసి
తువ్వాళ్లు మోయడం మొదలుపెట్టాను.

రాజధాని నుంచి బస్సులో వచ్చాడు డాక్టర్ ఎచెగోయెన్,
ఐసు పెట్టెను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని.
పూల్గాను తెరిచి కాలేయం చూపించాడు:
తెల్లటి చుక్కలు, ఎవరో గల్లుప్పు చల్లినట్టు.
యెర్సీనియా, అన్నాడు.
ఆడపిల్లకు పెట్టుకునేంత బాగుంది పేరు.

"చలికి క్రిములు చస్తాయి కదా?"
"ఇది చలిలోనే పెరుగుతుంది.
ఫ్రిజ్‌లో కూడా. తీరిగ్గా."

నేను ఫ్రిజ్ వైపు చూడలేదు.
మర్నాటి పళ్లు రాత్రే కోసిపెట్టుకునే అలవాటు నాది.
తెల్లవారుజామున వేళ్లు కొంకర్లు పోతాయి మరి.

మేత గదిలో ఒక పిల్లి ఉండేది.
మార్చిలో ఎవరో ఫిర్యాదు రాశారు,
బొచ్చు, వాసన, పిల్లాడికి తుమ్ములు.
మేనేజరు నాకేసి చూశాడు. అంతే.
గోనెసంచిలో వేసి, సైకిలుకు కట్టి
వంతెన అవతల వదిలొచ్చాను.
దారంతా అది అరవలేదు. అందుకే గుర్తుంది.

ఏప్రిల్లో బస్తాల వెనక నల్లగా,
జీలకర్ర కంటే కొంచెం లావుగా, ఎలుక పెంటికలు.
ఊడ్చాను.
ఊడ్చేశాను కదా, అనుకున్నాను.

ఇరవై రెండేళ్లు ఒకే బుర్రలో మాతే తాగాం,
నేను, గేటు దగ్గరి వాల్దెమార్,
ఏనుగు పోయి ఆరేళ్లయినా ఏనుగు కాపరి అనిపించుకునే అబ్దోన్.
ఒకే గొట్టం, నోటి నుంచి నోటికి చేదు.
ఆ శుక్రవారం ఎవరి బుర్ర వాళ్లు తెచ్చుకున్నారు.
ఎవరూ ఏమీ అనలేదు.
బోర్లించిన బ్లీచు బకెట్ మీద కూర్చుని
నాది నేను తాగాను.
వేడినీళ్లు చాలా మిగిలిపోయాయి.

అరటిపండులో మందు దాచి తినిపించాం.
కళ్లల్లో వత్తులేసుకుని తొమ్మిది రాత్రులు.
తానియా పన్నెండో గంటకు పోయింది,
ముసలి కబో మాత్రం మూడు రోజులు సతాయించి,
మందు నా మొహాన ఉమ్మి, బతికాడు.
పదిహేడింట్లో ఆరు.

నివేదికలో ఒక వాక్యం:
మూలం నిర్ధారణ కాలేదు.
పిచ్చుకలు కావచ్చు, ఎలుకలు కావచ్చు.
పిల్లి సంగతి డాక్టర్ అడగలేదు.
అడిగితే చెప్పేదాన్నేమో.
ఈ 'ఏమో' దగ్గరే రోజూ నిద్ర లేస్తున్నాను.

ఇప్పుడు ఐదింటికే వచ్చి గుమ్మడి కోస్తాను,
కొంకర్లు పోయిన వేళ్లతో, అప్పటికప్పుడు.
ముక్కలు ఒక్కటీ సమంగా రావు.

కబో తీసుకుంటాడు గానీ వెంటనే తినడు.
నా రబ్బరు తొడుగును రెండు చేతులా పట్టుకుని
నొక్కి, తిప్పి, వాసన చూసి,
లోపల వేలు ఉందో లేదో వెతుకుతాడు.